ప్రొద్దుటూరుకు వచ్చి ఉండు నాయనా

కడప

నాయనా,

నిన్న ఫోన్లో కోడలి గురించి నువ్వన్న మాట రాత్రంతా తొలుస్తూనే ఉంది. "కాన్పుకు ప్రొద్దుటూరులో పుట్టింటికి పంపించాం కదా, వాళ్ళమ్మ చూసుకుంటుంది. పేరు పెట్టే నాటికి నేను వస్తా" అన్నావు. మన సీమలో మగవాళ్ళంతా అనే మాటే అది. నేనూ అన్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పుట్టినప్పుడు నేను కబడ్డీ క్యాంపులో ఉన్నా. టోర్నమెంటు అయ్యాకే వచ్చి చూశా. నీకు మూడేళ్ళప్పుడు ఒకసారి కప్పు పట్టుకుని గుమ్మంలో అడుగుపెడితే, నువ్వు జేజి కొంగు వెనక్కి దూరి "ఎవరో వచ్చినారు" అన్నావు. ఆ కప్పు ఇప్పటికీ బీరువా మీదే ఉంది. దాని దుమ్ము తుడిచినప్పుడల్లా నాకు ఆ మాటే వినిపిస్తుంది. మోకాలి లిగమెంటు తెగి ఆట ఆగిపోయాకే నేను నీ పక్కన పడుకున్నాను.

తర్వాత పాస్టర్నై ఆసుపత్రి వార్డుల్లో తిరగడం నీకు తెలిసిందే. తండ్రుల కోసం ట్రస్టు ఎందుకు పెట్టానో మాత్రం ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

పసిపిల్లల వార్డు బయట రాయచోటి వైపు అబ్బాయి ఒకడు నిలబడి ఉన్నాడు. కువైట్‌లో డ్రైవరు, సెలవు మీద వచ్చాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, కిలో 600 గ్రాములు. తల్లికి ఆపరేషనై లేవలేకపోతోంది, నువ్వు కూర్చుని కంగారూ కేర్ ఇవ్వమని నర్సమ్మ అంటే "మగోణ్ణి, నేనేం చేస్తా" అని గోడకు ఆనుకున్నాడు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి అది. తల్లి ఒంటి వేడితోనే బిడ్డను కాపాడతారు. తల్లికి వీలుకాకపోతే తండ్రి రొమ్మూ వెచ్చనిదే. నేనే వాడి చొక్కా గుండీలు విప్పాను. టోపీ, డైపరు తప్ప ఒంటిమీద ఏమీ లేని బిడ్డను నిలువుగా ఆనించి నర్సమ్మ గుడ్డ కట్టింది. గట్టిగా ఊపిరి తీస్తే బిడ్డకేమవుతుందోనని వాడు మెల్లమెల్లగా తీసుకుంటున్నాడు. గంటకు ఆ చిన్న వేళ్ళు వాడి రొమ్ము వెంట్రుకలను పట్టుకున్నాయి. ఆ రోజు నాకు ప్రార్థన నోట రాలేదు.

వాడు మళ్ళీ కువైట్ పోయాడు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. రాత్రి 9కి బండి ఆపి ఫోన్ చేస్తే ఇక్కడ 11:30, బిడ్డ నిద్రలో ఉంటుంది. అందుకని రోజూ అక్కడ తెల్లారి 4:30కే లేస్తాడు. ఇక్కడ 7 గంటలు, బిడ్డకు స్నానం పోసే వేళ.

ఇట్లాంటి వాళ్ళు రెండో శనివారం సాయంత్రం మా దగ్గర కూర్చుంటారు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికి వచ్చే ఊరు మనది, మా దగ్గరా అన్ని మతాలవాళ్ళు ఉంటారు. ఎవరికీ మతం చెప్పను. 6, 10, 14 వారాల టీకాలు మీ బిడ్డకు ఏ తేదీన పడతాయో చెప్పమంటాను. మొదట్లో ఒక్కడూ చెప్పలేడు. కబడ్డీలో ఔటైనవాడు తనంతట తాను లోపలికి రాలేడు, లోపలున్నవాళ్ళు పాయింటు తేవాలి. మా వాళ్ళు ఒకరికొకరు ఆ పాయింటు తెస్తున్నారు.

మీ కంపెనీ సెలవు 5 రోజులేనన్నావు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులుంది. తల్లికి చట్టం 26 వారాలు ఇచ్చింది గానీ, ప్రైవేటులో తండ్రికి సెలవిచ్చి తీరాలన్న చట్టం లేదు. అది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగు. అత్తగారింట్లో మొహమాటం అంటావేమో, మీ మామతో మాట్లాడాను. మొదట వింతగా చూశాడు, తర్వాత మిద్దె మీద గది నీకిస్తానన్నాడు.

రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే కోడలికంటే ముందు నువ్వు లే. గుడ్డ మార్చు. పాలు తాగాక భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా వీపు నిమురు. మీ అమ్మకు ఆ సాయం నేను ఒక్క రాత్రీ చెయ్యలేదు.

శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కు. తెల్లవారి కడప బస్టాండులో ఉంటాను. ఇద్దరం కలిసి ప్రొద్దుటూరు పోదాం.

మీ నాయన