ఆ నవలలు పిల్లలు చదవాల్సిందే

సంపాదకుల వారికి నమస్కారం.

డిస్టోపియా నవలల మీద, అంటే మనుషుల బతుకు నిఘాలో, అదుపులో నలిగిపోయే చెడ్డ రేపటిని ఊహించి రాసే కథల మీద, మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి పదిహేను రోజులైంది. దాళ్వా కోతల హడావుడిలో ఇన్నాళ్లూ కలం పట్టడం కుదరలేదు. లేనిపోని భయాలు పెట్టే కథలు కుర్రకారు చేతికి ఇవ్వకూడదని, కాలేజీ లైబ్రరీల్లోంచి తీసేయాలని వ్యాసకర్త తేల్చేశారు. ముప్పై ఏళ్లు పిల్లలకి ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. చదివి ఊరుకోలేకపోయాను.

లేనిపోని భయాలా? మా వీధిలో ఒక మామ్మ ఉంది. ఏళ్ల తరబడి రొయ్యల షెడ్డులో, ఐసు నీళ్లలో చేతులు పెట్టి పనిచేసింది. వేళ్ల కొసలు అరిగి నున్నగా అయిపోయాయి. ఆ మధ్య రేషన్ బియ్యానికి వెళ్తే వేలిముద్ర పడలేదు. చెంగుతో తుడుచుకుంది, తలకి రాసుకున్న నూనె వేలికి అద్ది చూసింది, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, పది వేళ్లూ అయిపోయాయి. వరసలో ఉన్న మేమంతా ఆవిడ ఎవరో చెప్పాం. 'మీరు చెబితే ఏం లాభమమ్మా, మిషను తీసుకోవాలి కదా' అన్నాడు డీలరు. అతని తప్పు కాదు. ముద్ర పడనివాళ్లకి వేరే ఏర్పాటు ఉందన్నారు గానీ, మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాక గానీ మామ్మ ఇంటికి గింజ చేరలేదు. దొంగ బిల్లులు ఆపడానికే మిషను పెట్టారు, కాదనను. కానీ ఊరంతా ఎరిగిన మనిషిని మిషను ఎరగకపోతే ఎవరి మాట చెల్లాలి? ఆ నవలలు అడిగేది సరిగ్గా ఇదే. మన వివరాలు ఎవరి చేతిలో ఎంతవరకు ఉండాలన్న గొడవ మీదే కదా 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని చెప్పాల్సి వచ్చింది.

మన బీహారులోని మోతిహారిలో పుట్టిన ఇంగ్లీషు రచయిత ఆర్వెల్ 1949లో '1984' నవల వేశాడు. అందులో కథానాయకుడి ఉద్యోగం సర్కారు కోసం పాత పత్రికల్లో వార్తలు మార్చడం. చాక్లెట్ రేషన్ వారానికి 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తారు. మర్నాడే, 20కి పెంచినందుకు జనం ఊరేగింపు తీసి కృతజ్ఞత చెప్పారని వార్త వస్తుంది. పత్రిక నడిపేవారు మీరు, మీకైనా ఇది తగలాలి కదా! 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు వార్తలు సెన్సారు దాటి రావాల్సిన రోజులు మీ ఆఫీసులో పెద్దవాళ్లెవరికీ గుర్తు లేవా?

ఇక లైబ్రరీల్లోంచి తీసేయడమంటారా, ఉంటే కదా తీయడానికి. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారిది ఈ గోదావరి గడ్డే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఇప్పటికీ కడుతున్నాం. మా ఊరి లైబ్రరీలో నవలల బీరువాకి తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. పోటీ పరీక్షల గైడ్లు మాత్రం బల్ల మీద ఉంటాయి. వర్షం వస్తే వాటి మీదా కారుతుంది. అడిగితే 'పైనుంచి రావాలి' అంటారు. రెండు అర్జీలు పెట్టాను, రసీదులు నా దగ్గరే ఉన్నాయి. అమెరికా రచయిత బ్రాడ్‌బరీ 1953లో వేసిన 'ఫారెన్‌హీట్ 451' నవలలో ఫైర్‌మెన్ పుస్తకాలు తగలబెడతారు. అయితే దానికి చాలా ముందే జనం తమంతట తామే చదవడం మానేశారని అందులోనే ఉంది. నాకు భయం వేసింది అక్కడ.

రిటైరయ్యే ముందు సంవత్సరం ఆ చాక్లెట్ సంగతి పదో తరగతిలో చెప్పాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, 'పాత పేపరు దాచుకున్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరా టీచర్?' అన్నాడు. మీ వ్యాసకర్త ఈసారి రాసేటప్పుడు ఆ కుర్రాడికి జవాబు చెప్పాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, పశ్చిమ గోదావరి జిల్లా