నడకను కొలిచిన ఆచార్యుడు

సంపాదకుల వారికి,

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ వింటర్ 2012లో కన్నుమూశారు. మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. కొలిచింది మనిషి నడకను. అడుగు ముందుకు పడేటప్పుడు బొటనవేలు ఒక దశలో నేలకు సగటున 1.3 సెంటీమీటర్ల ఎత్తుకే దిగుతుందని తేల్చారు. అప్పుడు పాదం మంచి వేగం మీద ఉంటుంది, రెండో కాలు ఒక్కటే ఒళ్లంతా మోస్తుంటుంది. చాప అంచు తగిలినా చాలు, తూలిపడతాం. (మన గడపల ఎత్తు ఎంతో చెప్పాలా!) నడకలో ఒంటికాలి మీద నిలిచినప్పుడు తుంటి, మోకాలు, చీలమండ కలిసి భారం మోస్తాయనీ, ఒకటి తగ్గితే మిగతావి సర్దుకుంటాయనీ చూపారు. అందుకే మోకాలు నొప్పంటే మోకాలికే వ్యాయామం చేయించి పంపేయడం సగం వైద్యమే. పిక్కబలం, తుంటి కూడా పరీక్షించాలి.

– ఫిజియోథెరపీ అధ్యాపకులు, గుంటూరు