చోక్ ట్యూబు కొనే ముందు బోరు కొలవండి

సంపాదకులకు,

నమస్కారం. ట్రాప్ షూటింగు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలను, అంటే క్లే టార్గెట్లను, తుపాకితో పగలగొట్టే క్రీడ) సాధన చేస్తున్న ఉత్తరాంధ్ర యువకుల గురించి ఇటీవల మీ క్రీడా పుటలో వచ్చిన కథనం చదివి సంతోషించాను. అయితే, విదేశీ తయారీ ఫుల్ చోక్ ట్యూబు బిగించుకున్నాక తుపాకి శక్తి పెరిగిందన్న అర్థం వచ్చేలా అందులో ఉన్న ఒక వాక్యం వల్ల ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. నేను ఐటీఐలో టర్నరు ట్రేడు బోధించి రిటైరైనవాణ్ణి, తుపాకి లైసెన్సు ఉన్నవాణ్ణి కూడా కావడం వల్ల, ఆ కథనం వచ్చినప్పటి నుంచి చీపురుపల్లి, రాజాం వైపు తెలిసినవాళ్లు ఫోను చేసి, పిల్లవాడికి ఏ కంపెనీ ట్యూబు తెప్పించమంటారని అడుగుతున్నారు. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచాక తెలుగు ఇళ్లలో ఈ క్రీడపై ఆసక్తి పెరగడం సహజమే. కాని కంపెనీ పేరు అన్నిటికంటే చివర అడగవలసిన ప్రశ్న.

చోక్ అంటే తుపాకి గొట్టం మూతి దగ్గర లోపలి వ్యాసంలో ఉంచిన చిన్న ఇరుకు, అంతే. ఆ ఇరుకును మార్చుకునేందుకు మూతిలో బిగించే విడి గొట్టమే చోక్ ట్యూబు. తూటాలోని మందు అదే, గుళ్ల బరువు అదే, వేగంలో చెప్పుకోదగిన మార్పేమీ రాదు. గుళ్ల గుంపు ఎంత దూరానికి ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందన్నది మాత్రమే మారుతుంది. 12 బోరు సైజు తుపాకి గొట్టానికి ప్రామాణిక లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో వెయ్యో వంతును ఒక థౌగా లెక్కపెట్టే మా వర్క్‌షాపు భాషలో 729 థౌలు. మూతి దగ్గర ఈ వ్యాసం సుమారు 10 థౌలు తగ్గితే ఇంప్రూవ్డ్ సిలిండర్, 20 తగ్గితే మాడిఫైడ్, 30 తగ్గితే ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, 35 నుంచి 40 వరకు తగ్గితే ఫుల్ అని వ్యవహరిస్తారు. మనిషి తల వెంట్రుకే రెండు మూడు థౌల మందం ఉంటుందని గుర్తుంచుకుంటే, ఎంత చిన్న తేడాలకు ఎంత డబ్బు పోస్తున్నామో తెలుస్తుంది.

కొనేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ట్యూబు మీద చెక్కిన మాడిఫైడ్ అన్న పేరు ఆ ట్యూబుకు మాత్రమే చెందిన కొలత కాదు. మీ గొట్టం బోరు (లోపలి వ్యాసం) నుంచి ట్యూబు మూతి వ్యాసాన్ని తీసివేస్తే వచ్చేదే అసలు చోక్. మూతి వ్యాసం 709 థౌలున్న ట్యూబును 729 థౌల బోరులో బిగిస్తే 20 థౌల ఇరుకు వస్తుంది కనుక అది నిజంగానే మాడిఫైడ్. అదే ట్యూబు 735 థౌల బోరులో 26 థౌలై ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ వైపు జరుగుతుంది, 724 థౌల బోరులో 15 థౌలకు పడిపోయి ఇంప్రూవ్డ్ సిలిండర్‌కూ మాడిఫైడ్‌కూ నడుమ నిలుస్తుంది. ఒకే రకం థ్రెడ్డు (ట్యూబు బిగించే మరచుట్లు) ఉన్న తుపాకుల్లో కూడా బోరు కొన్ని థౌల తేడాతో ఉండడం మామూలే. అందువల్ల బోరు గేజితో గొట్టాన్నీ ట్యూబునూ కొలిపించకుండా, మిత్రుడికి బాగా పనిచేసిందని అదే పేరున్న ట్యూబు కొనడం కళ్లు మూసుకుని లేతు మీద కోత పెట్టడం లాంటిదే.

ఒక మెట్టు చోక్ మారితే ఎంత లాభమో కూడా లెక్క వేసి చూడవచ్చు. ట్రాప్ పోటీల్లో తూటాకు 24 గ్రాముల సీసం వాడతారు, 2.4 మిల్లీమీటర్ల గుళ్లయితే దాదాపు 300 వస్తాయి. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో మాడిఫైడ్ 60 శాతాన్ని, ఫుల్ 70 శాతాన్ని నిలుపుతాయన్నది సంప్రదాయంగా వస్తున్న కొలమానం. అంటే ఒకదానితో 180 గుళ్లు, మరొకదానితో 210. క్లే టార్గెట్ వ్యాసం 110 మిల్లీమీటర్లు కాబట్టి, అది పూర్తి ముఖం మనవైపు తిప్పి ఉందనుకున్నా, దాని మీద సగటున పడేవి ఫుల్‌తో నాలుగు గుళ్ల పైచిలుకు, మాడిఫైడ్‌తో నాలుగుకు కాస్త తక్కువ. ఒక గుండు కంటే తక్కువ తేడా! ఆ తేడా పోటీలో అసలు పనికిరాదని నేను అనడం లేదు. టార్గెట్ అంచు మాత్రమే కనిపిస్తూ దూరమవుతున్నప్పుడు దాని విలువ పెరుగుతుంది. కాని తుపాకి వెనుక కర్ర భుజానికి సరిగా కుదరక ఒక అడుగు పక్కకు కొడుతున్న కుర్రవాడికి గుంపు ఇరుకైతే నష్టమే ఎక్కువ.

థ్రెడ్డు విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. ఒక్క బెరెట్టా కంపెనీ తుపాకుల్లోనే మొబిల్‌చోక్, ఆప్టిమా చోక్, ఆప్టిమా చోక్ హెచ్‌పీ అనే థ్రెడ్డులు వేర్వేరు. బ్రౌనింగులో ఇన్వెక్టర్, ఇన్వెక్టర్ ప్లస్, ఇన్వెక్టర్ డీఎస్ వేర్వేరు. రెమింగ్టన్‌ది రెమ్ చోక్. బ్రైలీ, కార్ల్‌సన్స్, టీగ్ వంటి విడి ట్యూబుల తయారీదారులు ఈ ఒక్కో రకానికీ విడివిడిగా ట్యూబులు చేస్తారు. రెండు మూడు చుట్లు తిరిగింది కదా, దాదాపు పడుతోంది కదా అని బిగించిన ట్యూబు లోపలి మెట్టు దాకా దిగకపోయినా, ట్యూబు వెనుక అంచు బోరు కంటే ఇరుకుగా ఉన్నా, వేగంగా వచ్చే గుళ్లు ఆ అంచుకే తగిలి గొట్టం ఉబ్బుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. ట్యూబు వెనుక అంచు లోపలి వ్యాసం బోరు కంటే ఏ కొంచెమైనా ఎక్కువగా ఉందో లేదో గేజి పెట్టి చూడడం నిమిషాల పని. ట్యూబు లేకుండా ఖాళీ థ్రెడ్డుతో పేల్చడం కూడా గొట్టాన్ని పాడుచేసుకోవడమే.

కొలతలు కుదిరాక కాగితం పరీక్ష మిగులుతుంది. పొలం గట్టున కాదు, అనుమతి ఉన్న రేంజిలోనే, నాలుగడుగుల కాగితం కట్టి, షూటరు నిజంగా టార్గెట్‌ను పగలగొట్టే దూరం నుంచి పేల్చాలి. ట్రాప్‌లో షూటర్లు నిలబడే గీతకు 15 మీటర్ల ముందు నుంచి టార్గెట్ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో లేస్తుంది కనుక, అర సెకను దాటాక మొదటి తూటా పేల్చేవారికి ఆ దూరం 30 మీటర్ల పైమాటే. టార్గెట్లు రెండు పక్కల నుంచి వచ్చే స్కీట్ పోటీలో 20 మీటర్లకు అటూఇటూ. పోటీలో వాడబోయే తూటాతోనే, ఒక్కో ట్యూబుకు కనీసం అయిదు కాగితాలు పేల్చి, వలయంలోని గుళ్లను లెక్కపెట్టాలి. టార్గెట్ అంత ఖాళీలు ఎక్కడున్నాయో, గుంపు నడిబొడ్డు గురిపెట్టిన చుక్క మీదే ఉందో పక్కకు జరిగిందో చూడాలి. ట్యూబు గొట్టంతో ఏకకేంద్రంగా లేకపోతే ఆ జరుగుబాటు కాగితం మీదే బయటపడుతుంది. తుపాకి పెట్టెలో ఉచితంగా వచ్చిన ట్యూబులే ఈ పరీక్షలో నెగ్గితే కొత్తవి కొనడం ఎందుకు? ఒకే పోటీలో రౌండ్ల మధ్య జ్యూరీ అనుమతి లేకుండా, బాగా పనిచేస్తున్న చోక్‌ను మార్చే వీలు అంతర్జాతీయ నియమాల్లో లేదు. కాబట్టి అరడజను ట్యూబుల సెట్టు కంటే పరీక్షించిన ఒకటి రెండు ట్యూబులే మేలు.

గొట్టం బయటికి పొడవుగా కనిపించే ట్యూబులను చేత్తోనే బిగించవచ్చు, పేరు దూరం నుంచి చదవవచ్చు. ఆ సౌకర్యానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు. పక్కన రంధ్రాలున్నవి శబ్దం పెంచుతాయి, మసి పట్టిస్తాయి, నాకు నచ్చవు. మనది ఉప్పుగాలి తగిలే ప్రాంతం కనుక, థ్రెడ్డుకు గ్రీజు పూయకుండా నెలల తరబడి వదిలేసిన ట్యూబు లోపలే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ప్రతి రౌండుకూ ముందు తుపాకి ఖాళీగా ఉందని చూసుకుని ట్యూబు బిగుతు సరిచూడాలి.

బొబ్బిలి, సాలూరు వైపు పాత కుటుంబాల్లో తాతల నాటి డబుల్ బ్యారెళ్లు ఉన్నవాళ్లు కూడా, మూతి దగ్గర థ్రెడ్డు కోయించి ట్యూబు వేయించవచ్చా అని అడుగుతున్నారు. దయచేసి ఆ ఆలోచన మానండి. ఆ గొట్టాలకు మూతి దగ్గర లోహం చాలా పలచన; ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలైతే మరీ ప్రమాదం. పైగా ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకిని మరమ్మతు చేయడం, మార్చడం నేరం. ఊళ్లో లేతు షాపు పెట్టుకున్న నా పాత విద్యార్థులకు కూడా ఈ మాటే చెబుతున్నాను.

రైఫిల్ క్లబ్బులకు, క్రీడాధికారులకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఒక్కో కుటుంబం వేల రూపాయలు పోసి ట్యూబుల సెట్లు తెప్పించుకునే బదులు, ఈ జిల్లాల షూటర్లందరికీ కలిపి ఒక 12 బోరు గేజినీ, సాధన చేసే రేంజిలో కాగితాలు కట్టుకునేందుకు ఒక ఇనుప చట్రాన్నీ సమకూర్చండి. గేజితో కొలవడం నేర్పడానికి ఎవరు పిలిచినా, సొంత ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
విశ్రాంత టర్నరు బోధకుడు,
కంటోన్మెంట్, విజయనగరం.