విషయం: మా ఇంటికి సరిపోని జనరేటర్ అమ్మడంపై ఫిర్యాదు

సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా
అక్టోబరు 6

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

ఆగస్టు 19న మీ డీలరు దగ్గర మీ కంపెనీ పెట్రోల్ జనరేటర్ ఒకటి కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో '2.5 కేవీఏ' (జనరేటర్ ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) అని ఉంది. ఇచ్చింది 54,000 రూపాయలు.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. మా వీధికి పది రోజులకు పైగా కరెంటు రాలేదు. దీపాల్లేకపోతే కొవ్వొత్తులతో గడిపాం గానీ, నీళ్లకే ఏడ్చాం. బోరులో నీళ్లున్నా పైకి తెచ్చే దారి లేదు. నేను జనరేటర్ కొన్నది ఆ బోరు మోటారు కోసమే, టీవీ కోసం కాదు. ఈ మాట మీ డీలరుకు మొదటే చెప్పాను.

ఆయన బిల్లు వెనక లెక్క రాసిచ్చారు. నాలుగు బల్బులు 36 వాట్లు, మూడు ఫ్యాన్లు 225, టీవీ 100, ఫ్రిజ్ 150, ఒక హెచ్‌పీ మోటారు 746. మొత్తం 1257. "రెండున్నర తీసుకెళ్లండి సార్, సగం ఖాళీగానే ఉంటుంది" అన్నారు. నేనూ నమ్మేశాను.

సెప్టెంబరులో గాలివానకు రెండు రోజులు కరెంటు పోయింది. జనరేటర్ పెట్టి మోటారు స్విచ్ వేశాం. బల్బులు ఒక్కసారిగా మసకబారాయి, ఇంజను గొంతు పట్టేసినట్టు మూలిగింది, ట్రిప్ అయింది. ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేసి మోటారు ఒక్కటే వేసినా అంతే. మూడోసారి మోటారే కాలిపోతుందేమోనన్న భయంతో మానుకున్నాం. డెబ్బై ఆరేళ్ల మా అమ్మ పక్కింటి బావి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చుకుంది. వరండాలో కొత్త జనరేటర్, చేతిలో చెంబు!

తర్వాత మా ఊరి ఎలక్ట్రీషియన్ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూశాడు. లైన్ కరెంటు మీద మా మోటారు తిరిగేటప్పుడు ఏడు ఆంపియర్ల దాకా లాగుతోంది. స్టార్టయ్యే ఆ ఒక్క క్షణం ముప్పై దాకా పోతోంది. 746 వాట్లన్నది మోటారు బయటికి ఇచ్చే శక్తి అనీ, లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువనీ అతనే చెప్పాడు. మరి జనరేటర్ సంగతేమిటని చూస్తే, పక్కన అంటించిన రేకు మీద చిన్న అక్షరాల్లో 'రేటెడ్ 2.1, మ్యాక్సిమమ్ 2.5' అని ఉంది. అంటే ఆగకుండా ఇవ్వగలిగింది తొమ్మిది ఆంపియర్లు. మోటారును కదిలించడానికి అదెక్కడ చాలుతుంది? కనీసం ఐదు కేవీఏది కావాలని అతని లెక్క. పదో తరగతి చదివిన కుర్రాడికి తెలిసిన విషయం మీ డీలరుకు తెలియదంటే ఎలా నమ్మను?

మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, సబ్‌మెర్సిబుల్ (బోరులోకి దించే) మోటార్ల గురించి మాన్యువల్‌లో ఉందన్నారు. ఉంది నిజమే, ఇంగ్లీషులో, ఇరవయ్యో పేజీ దాటాక. ఆ పుస్తకం డబ్బు కట్టి పెట్టె విప్పాక గానీ చేతికి రాదు కదండీ.

ఊరికే పెద్దది అంటగట్టమని నేను అడగడం లేదు. మా వీధిలోనే ఒకాయన ఏడున్నర కేవీఏది కొని, రెండు ఫ్యాన్లు, మూడు బల్బుల కోసం గంట గంటకూ పెట్రోలు పోసుకుంటున్నాడు. నేనడిగేది మా మోటారును తిప్పగలిగేది. ఈ జనరేటర్ పూర్తి ధరకు వెనక్కి తీసుకుని ఐదు కేవీఏది ఇవ్వండి, తేడా డబ్బు కడతాను. అది కుదరకపోతే నా 54,000 తిరిగి ఇవ్వండి. అలాగే, ఏ జనరేటర్ ఎన్ని హెచ్‌పీల బోరు మోటారును స్టార్ట్ చేయగలదో పెట్టె మీదే తెలుగులో రాయించండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళతాను. బిల్లు నకలు, దాని వెనక ఉన్న లెక్క ఫొటో, రేకు ఫొటో జత చేస్తున్నాను. అట్టపెట్టె, వారంటీ కార్డు భద్రంగానే ఉన్నాయి. ఇంజను మొత్తం కలిపి ఆరు గంటలు కూడా తిరగలేదు. నవంబరు తుపాన్లు ఇంకా ముందున్నాయి, కాస్త తొందరగా చూడండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు