కెమిస్ట్రీని అటకెక్కించకండి

సంపాదకులకు,

బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవారు చాలామంది ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాస్తున్నారు. 200 ప్రశ్నల ఆ పరీక్షలో కెమిస్ట్రీ ఉండదు. ఎంబీఏలో చేరగానే పాత పుస్తకాలు అటకెక్కుతాయి. నష్టం అక్కడే. మందుల ఫ్యాక్టరీలో కిలో 800 రూపాయల ముడిసరుకు 100 కిలోలు రియాక్టర్‌లో, అంటే రసాయన చర్య జరిపే పాత్రలో, వేస్తే 80 కిలోల సరుకు రావాలనుకోండి. ముడిసరుకు ఖర్చే కిలోకు 1,000 పడుతుంది. తేమ చేరి 75 కిలోలే వస్తే 1,067. ఆ 67 రూపాయలు ఎందుకు పెరిగాయో ఖాతా పుస్తకం చెప్పదు. తేమకు రియాక్షన్ ఎలా దెబ్బతింటుందో తెలిసినవారైతే కొనుగోలు ఆర్డర్‌లోనే తేమ పరిమితి రాయిస్తారు, లారీ దిగగానే శాంపిల్ తీయిస్తారు. అందుకే కెమిస్ట్రీ చదివి వచ్చినవారు ఎంబీఏ రెండో ఏడాదిలో ఆపరేషన్స్ (ఉత్పత్తి, కొనుగోళ్ల నిర్వహణ) స్పెషలైజేషన్ తీసుకుని, జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల ఫ్యాక్టరీ కొనుగోళ్ల విభాగంలో ప్రాజెక్టు చేయాలి. సర్వే ఫారాలు నింపి తెచ్చే ప్రాజెక్టులను కాలేజీలు ఇకనైనా ఒప్పుకోకూడదు.

– ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు, హైదరాబాద్