వదినగారికీ, ఎదురింటి పిన్నిగారికీ కృతజ్ఞతలతో

మా అత్తయ్యగారు పోయాక మాకు తోడుగా ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొస్తోంది, అందుకే ఇలా రాస్తున్నాను. మావారు చదివి "పెట్టు" అన్నాకే పెడుతున్నాను.

పక్షవాతంతో మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడం చేసినవాళ్లకే తెలుసు. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ముక్కు గొట్టంలోంచి ఆహారం పట్టాలి. రాత్రులు ఆయన, పగలు నేను. మధ్యలో మా నాన్న పోయారు. తణుకు వెళ్లి, పెద్దకర్మ కాగానే తిరిగొచ్చి మళ్లీ పనిలో పడ్డాను. "బిళ్ల వేశావా?", "డైపర్లు అయిపోయాయి." ఇరవై ఏళ్లు దాటిన కాపురంలో మాకు మిగిలిన మాటలు అవే.

అత్తయ్యగారు పోయినప్పుడు పరామర్శకు వచ్చినావిడ ఒకరు, ఆయన వింటుండగానే "పోన్లే, ఇక నీకు చాకిరీ తప్పింది" అన్నారు. నా మనసులోనూ అదే ఉందనుకున్నారట ఆయన. నాతో అనలేదు. ఏటి సూతకమని పండగలు లేవు, వచ్చేపోయేవాళ్లూ తగ్గారు. ఆయన హాల్లో, నేను గదిలో.

వదినగారూ, మాసికానికి వచ్చి ఉండిపోయి, తమ్ముడి నోట ఆ మాట బయటికి రప్పించింది మీరే. "అమ్మ ఒళ్లు తుడిచింది ఇదిరా, నేను కాదు" అన్నారు చూడండి, ఆ రాత్రే ఆయన మా నాన్న గురించి మొదటిసారి అడిగారు. చాలాసేపు మాట్లాడుకున్నాం.

14416కి ఫోన్ చేయమన్న మా చెల్లికి కూడా థాంక్స్. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సహాయ నంబరు అది, టెలీ మానస్ అంటారు. ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎవరిది తప్పో ఆ కౌన్సెలర్ తేల్చలేదు. రోజూ కాసేపు ఇంటి పనుల ఊసెత్తకుండా మాట్లాడుకోమన్నారు. మొదట్లో ఏం తోచక ఇద్దరం వంకాయల ధర గురించి మాట్లాడుకున్నాం!

ఆ కాసేపు దొరికిందంటే పిన్నిగారి వల్లే. సాయంత్రాలు మామయ్యగారి దగ్గర కూర్చుని, మమ్మల్ని గోదావరి గట్టుకు తరిమేది ఆవిడే. ఇప్పటికీ కొన్ని రోజులు మాటల్లేకుండానే నడిచొస్తాం. కానీ వెళ్తున్నాం.

సంవత్సరీకం తిథి పంతులుగారు చెప్పగానే వాట్సాప్‌లో పెడతాం, అందరూ రావాలి. వదినగారూ, మీరు మాత్రం రెండు రోజుల ముందే రండి. వంట పని చెప్పను.