ఫార్మాట్ కొట్టించేముందు ఒక్కసారి ఇది చదువు

తెనాలి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వు "ఇంట్లో కంప్యూటర్ ఊరికే హ్యాంగ్ అవుతోందిరా, ఆదివారం షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించేస్తా" అన్నావు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గుర్తుండవు, అందుకే కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగే అవుతుంది. ఆదివారం మాత్రం దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లకు.

ఈ వేసవిలో మా నాన్న కంప్యూటర్‌తో ఇదే కథ నడిచింది. నువ్వు చూశావుగా, 2011లో కొన్నది. రెండో తరం కోర్ ఐ3, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. రిటైరయ్యాక ఆయన పని మొత్తం దానిమీదే. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని దంపుళ్ల పాటలు, ఊడ్పుల పాటలు, అప్పగింతల పాటలు రాసుకొచ్చి, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో టైపు చేసి పెట్టుకుంటాడు. ఆ పాటలు చెప్పిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు. కంప్యూటర్ పోతే ఇంకోటి కొంటాం. ఆ పాటలు మళ్లీ ఎవరు పాడతారు చెప్పు?

ఏప్రిల్ నుంచి అది హ్యాంగ్ అవడం మొదలైంది. నాన్న ఎండ వేడి అనుకుని పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. ఊళ్లో రిపేరు చేసే కుర్రాడు వచ్చి విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొడితే సరిపోతుంది అన్నాడు. ఒక్కోసారి నిజంగానే అంతే. కానీ అది ఎలా హ్యాంగ్ అవుతోందో చూడకుండా అన్న మాట అది. కారణం హార్డ్ డిస్క్‌లో ఉంటే ఫార్మాట్ కొట్టినా ఆ జబ్బు ఎక్కడికీ పోదు, పోయేది నీ ఫైళ్లే. కొన్నాళ్లకు హ్యాంగ్ మళ్లీ వస్తుంది, ఫైళ్లు మాత్రం రావు.

అందుకని ముందు ఒక పని చెయ్యి. హ్యాంగ్ అయినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదకి వెళ్లకుండా కాసేపు దాన్ని చూస్తూ కూర్చో. మౌస్ బాణం కదులుతోందా? కింద గడియారంలో నిమిషం మారుతోందా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? సీపీయూ డబ్బా ముందు హార్డ్ డిస్క్ లైటు మినుకుమినుకుమంటోందా, ఆగకుండా వెలుగుతోందా? పాట ఏదైనా నడుస్తుంటే ఆ శబ్దం ఏమైంది? ఇవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టు, ఆ సమయంలో ఏం చేస్తున్నావో కూడా. సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది.

మా నాన్న కంప్యూటర్ సంగతే చూడు. బాణం కదిలేది, క్యాప్స్ లాక్ లైటు పనిచేసేది. ఏం నొక్కినా ఏదీ తెరుచుకునేది కాదు. హార్డ్ డిస్క్ లైటు మాత్రం ఆరకుండా వెలిగేది. కొంతసేపటికి మనం నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకునేవి. అంటే ప్రాసెసర్ బతికే ఉంది, విండోస్ బతికే ఉంది, రెండూ డిస్క్ కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటే హెడ్ దాని మీద నుంచి డేటా చదువుతుంది. ఒక చోట చదవడం కుదరకపోతే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నం జరుగుతున్నంతసేపూ మనకు కనబడేది హ్యాంగే.

దీన్ని రుజువు చేసుకోవడానికి రెండు దారులున్నాయి. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి చూడు. అక్కడ డిస్క్ పేరుతో 7వ నంబరు ఎర్రర్, బ్యాడ్ బ్లాక్ (డిస్క్ మీద పాడైన చోటు) ఉందని కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే మాత్రం కంగారుపడకు, కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. నువ్వు బటన్ నొక్కి పట్టుకుని ఆపిన ప్రతిసారీ అది రాసుకుంటుంది. రెండోది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్ని అది చూపిస్తుంది. నాన్న డిస్క్‌కి పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. కరెంట్ పెండింగ్ సెక్టార్ అన్న వరుసలో సున్నా ఉండాల్సిన చోట అంకె ఉంది. అంటే చదవలేక పక్కన పెట్టిన చోట్లున్నాయన్నమాట. అదే జాబితాలో సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ ఒక్కటే పెరుగుతూ ఉంటే డిస్క్‌ని అనుమానించే ముందు సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే తీగ) మార్చి చూడు. చాలా తక్కువలో పోతుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. డిస్క్ మీద అనుమానం వచ్చిన క్షణం నుంచి, వేరే ఏ పనీ చేయకముందు, ఫైళ్లు బయటికి తీసెయ్. చెక్ డిస్క్ (విండోస్‌లోనే ఉండే డిస్క్ పరీక్ష) కొట్టమని చాలామంది చెబుతారు. పాడైన చోట్లు వెతికే /r ఆప్షన్‌తో కొడితే అది డిస్క్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చదివిస్తుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌తో చేయించే పని కాదది. ముందు కాపీ, తర్వాతే పరీక్షలు. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి హమ్మయ్య అనుకోవద్దు. రెండు వేర్వేరు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఆ ఇంట్లో ఉండకూడదు. నాన్న పాటలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఆయన దగ్గరే పెట్టా. ఇంకో కాపీ మా ఇంటికి తెచ్చుకున్నా. పాప పుట్టినప్పటి ఫొటోలు నీ డి డ్రైవ్‌లో ఉన్నాయని నాకు తెలుసు. వాటితోనే మొదలుపెట్టు.

నాన్న విషయంలో ఉత్త కాపీ కూడా సరిపోలేదు బావా. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే పద్ధతి) కావు. తెలుగు అక్షరాల రూపాల్ని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో కూర్చిపెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పాట ఉండదు, పిచ్చి గుర్తులుంటాయి. పైగా పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాన్ని తయారుచేసిన అడోబీ ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ తేలేదు. అంటే ఫైలు భద్రంగా ఉన్నా, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ లేకపోతే పాట పోయినట్టే. అందుకే నాన్నా నేనూ పక్కపక్కన కూర్చుని ప్రతి ఫైలునీ ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేశాం. ఇప్పుడు ఒక్కొక్కటే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. ఒత్తులు, అరసున్నలు అక్కడక్కడా తేడా వస్తాయి, ఆయన చదివి దిద్దుతాడు. దిద్దుతూ దిద్దుతూ ఒక్కో పాట పాడి వినిపిస్తాడు కూడా. మెల్లగా సాగుతోంది కానీ, ఈ మొత్తం రిపేరులో నాకు అన్నిటికన్నా విలువైన పని అదే అనిపించింది. మన తెలుగు ఇళ్లల్లో, ప్రెస్సుల్లో, డీటీపీ షాపుల్లో ఇలాంటి పాత డిస్కులు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే టెన్షన్‌గా ఉంటుంది.

సరే, డిస్క్ సంగతికొద్దాం. పాతది తీసేసి ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డిస్క్) పెట్టా. పాడైన డిస్క్ నుంచి మొత్తాన్నీ అలాగే క్లోన్ చేస్తే ఆ చెడిన ఫైళ్లు కూడా వచ్చేస్తాయి కాబట్టి విండోస్ కొత్తగా వేసి, నాన్న దగ్గరున్న సీడీలతో పేజ్‌మేకర్, అను మళ్లీ ఎక్కించా. ఇన్‌స్టాల్ చేసే ముందే బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూసుకో, తర్వాత మారిస్తే విండోస్ బూట్ అవకపోవచ్చు. ఆ మదర్‌బోర్డు పాతది, సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే. కొత్త ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం దానిమీద రాదు. అయినా పెట్టడం దండగ కాదు. హార్డ్ డిస్క్‌లో హెడ్ కదిలి సరైన చోటికి చేరడానికి దాదాపు 10 మిల్లీ సెకన్లు పడుతుంది, ఎస్‌ఎస్‌డీలో కదలాల్సిందే ఏమీ లేదు. విండోస్ ఒకేసారి వందల చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది కాబట్టి తేడా అక్కడ తెలుస్తుంది. నాన్న ఆన్ చేసి వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాడు, ఇప్పుడు కుర్చీలో సర్దుకునేలోపు తెర వచ్చేస్తోంది.

అంతటితో అయిపోయిందనుకుంటే, మళ్లీ హ్యాంగ్. కానీ ఈసారి తీరు వేరు. బాణం ఎక్కడిదక్కడే ఆగిపోయింది, క్యాప్స్ లాక్ లైటు వెలగలేదు, స్పీకర్లో శబ్దం ఒకే చోట ఇరుక్కుని బర్రుమంటూ ఉండిపోయింది. ఇది డిస్క్ కోసం ఎదురుచూడటం కాదు, లోపల అంతా ఆగిపోవడం. ఇలాంటిది ర్యామ్ వల్ల రావచ్చు, ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) వల్ల రావచ్చు, మదర్‌బోర్డు వల్లా రావచ్చు, గ్రాఫిక్స్ డ్రైవర్ వల్లా రావచ్చు. విండోస్‌దా హార్డ్‌వేర్‌దా తేల్చుకోవడానికి విండోస్ బదులు వాడే లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్క్ కేబుల్ పీకేసి, పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి వాడుతూ కూర్చున్నా. అక్కడా ఆగిపోయింది. దాంతో విండోస్ నిర్దోషి అని తేలిపోయింది.

తర్వాత డబ్బా విప్పాం. అబ్బ, ఆ దుమ్ము! ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య గాలి దూరే సందు లేదు. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చాక, బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేశాం. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకో, లేకపోతే విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండి పొడిపొడిగా రాలింది. పాతది స్పిరిట్‌తో తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేశా. వేడి బాగా తగ్గింది. నిజానికి ఉత్త వేడి వల్ల హ్యాంగ్ అవడం తక్కువ. ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ ఆగకపోతే కంప్యూటర్ ఠక్కున ఆఫ్ అయిపోతుంది. అయినా ఇన్నేళ్ల కంప్యూటర్‌కి ఈ సేవ చేయాల్సిందే.

అసలు దొంగ ర్యామ్. నాన్నకి తర్వాతెప్పుడో రెండో స్టిక్ వేయించాం, అదే. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడవనిచ్చా, పొద్దున్నే తెర మీద ఎర్ర గీతలు. ఇందులో పాస్ మార్కులుండవు, ఒక్క తప్పు వచ్చినా ర్యామ్ ఫెయిలే. అయితే తప్పు వచ్చిందని వెంటనే పారేయకు. తీసి, ఆ బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడు. చాలాసార్లు అంతటితోనే కుదురుతుంది. కుదరకపోతే ఒక్కో స్టిక్‌ని ఒంటరిగా, ఒక్కో స్లాట్‌లో పెట్టి పరీక్షించు. తప్పు స్టిక్‌తో పాటు తిరిగితే స్టిక్‌ది, స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డుది. ఒకేసారి రెండు మార్పులు చేయకు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. నాన్నది స్టిక్‌దే. అది మార్చాక మళ్లీ పరీక్ష పెడితే శుభ్రంగా ముగిసింది. ఆ తర్వాత హ్యాంగ్ లేదు.

డబ్బా విప్పినప్పుడు మదర్‌బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్ల తలలు కూడా చూడు. చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఇక ఆ బోర్డు మీద డబ్బు పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు, ప్లగ్ పీకినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర ఇంకో ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటమే మార్గం. ఇంకోటి, డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని మీ ఆవిడ అన్నట్టు గుర్తు. అది ఎర్తింగ్ లేకపోవడం. ఆ సాకెట్‌ని ఎలక్ట్రీషియన్‌కి చూపించు, పాప అక్కడే కూర్చుంటుంది కదా. దీన్ని వాయిదా వేయకు.

నీది ఆరో తరం ఐ5, విండోస్ 10 అన్నావు. విండోస్ 10కి మామూలు సపోర్టు (ఉచిత భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు, ఏవో కొన్ని తప్ప, ఎనిమిదో తరం నుంచే. అంతమాత్రాన కంప్యూటర్ పారేయాలని నేననను. పాప చదువుకి, బ్రౌజర్‌కి, వీడియోలకి లినక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. నాన్న విండోస్ 7కి నెట్ కేబుల్ తీసేశా, టైపింగ్‌కి మాత్రమే అది. బ్యాంకు పనులు దానిమీద వద్దని చెప్పా, ఆయన ఒప్పుకున్నాడు.

నువ్వు చెప్పిన దాంట్లో ఒకటి గమనించా. బ్రౌజర్లో ట్యాబులు ఎక్కువైనప్పుడే నీది ఆగుతోంది అన్నావు. అలాగైతే పాడవడం కాకపోవచ్చు, 4 జీబీ ర్యామ్ చాలక డిస్క్ మీదికి పొర్లుతుండొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ, డిస్క్ రెండూ చూడు. డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుని, మెమరీ నిండిపోయి ఉంటే ఇంకో స్టిక్ వేస్తే చాలు. నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావుగా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లు, పాత ర్యామ్‌లు అక్కడ దొరుకుతాయి. వెళ్లేముందు నీ బోర్డుకి డీడీఆర్3 రకం ర్యామ్ పడుతుందా, డీడీఆర్4 పడుతుందా చూసుకుని వెళ్లు, ఆరో తరంలో రెండు రకాల బోర్డులూ వచ్చాయి. పాత స్టిక్‌ని జేబులో వేసుకెళితే ఇంకా మంచిది.

శనివారం రాత్రి ఫోన్ చేస్తా. అప్పటికి ఫొటోలు కాపీ చేసి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెర ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. పసుపు రంగు కనబడితే ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, శనివారం దాకా ఆగకు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
బావ